తాండూరులో ఉన్న బోర్డు

వికారాబాద్,
జూన్ 28

ప్రియమైన మనీష్‌కు,

ఫోన్ చేయకుండా ఈమెయిల్ రాస్తున్నానని నవ్వకు. మొన్న ఫోన్‌లో ఏమైంది? నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. నా నోటి సంగతి ఇంటర్ నుంచి నీకు తెలుసు. రాస్తే కనీసం పంపే ముందు ఒకసారి చదువుకుంటాను, సగం తిట్లు కొట్టేస్తాను. అందుకని ఈ పని అయ్యేదాకా ఉత్తరాలే. నువ్వూ రాయి. నీళ్లు నమలకుండా రాయి.

మొన్న నువ్వు "అదేదో డూప్లికేట్ బోర్డు కదరా నీది" అన్నావు చూడు, అక్కడ నాకు మండింది. ఈసారి సరిగా విను.

నా పాత కంప్యూటర్‌లో ఉన్నది ఒక జాతి ప్రాసెసర్. ఇప్పుడొస్తున్న చవక బోర్డులది, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లది, వేరే జాతి. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. ఒక ప్రోగ్రామును ఆ బోర్డులకు సరిపోయే ప్యాకేజీగా కట్టాలంటే ఆ బోర్డు మీదే కట్టాలి. అది కొనే తాహతు లేని నాలాంటివాడు ఎమ్యులేటర్ పెట్టుకుంటాడు. మీ గంజ్ మార్కెట్‌లోనే చూశావు కదా, చించోలి నుంచి కందులు తెచ్చే కన్నడ రైతుకూ మీ నాన్నకూ మధ్య మల్లయ్య నిలబడి మాట మాటా తిప్పి చెప్పేవాడు. రైతు కన్నడమే మాట్లాడతాడు, మీ నాన్న తెలుగే మాట్లాడతాడు, అయినా బేరం తెగుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఎమ్యులేటర్ ఆ మల్లయ్య. బోర్డు భాషలో వచ్చిన ప్రతి మాటనూ నా కంప్యూటర్‌కు తిప్పి చెబుతుంది. ప్రోగ్రాము మాత్రం తాను అసలు బోర్డు మీదే ఉన్నాననుకుంటుంది. పగలంతా పరశురాం అన్న జిరాక్స్ షాపులో ఆధార్ కార్డులకు లామినేషన్ చేస్తూ, మిగతా టైములో నేను చేసేది ఇదే. నేను కట్టిన ప్యాకేజీలు ఏ దేశంలో ఎవరు వాడుతున్నారో నాకే తెలియదు.

ఇప్పుడు అసలు మాట. హైదరాబాద్‌లో ఇలాంటి బోర్డులు చేసే కంపెనీ ఒకటుంది. అందులో పద్మారాణి మేడం అని, పనివాళ్లను తీసుకునేది ఆమే. డిగ్రీ అడగలేదు. నా ప్యాకేజీలు చూసి తానే రాసింది. వాటిలో తూకం లెక్కలు చేసే ప్యాకేజీ ఒకటి ఉంది. దాంట్లో అతి చిన్న అంకెల దగ్గర ఒక టెస్టు ఫెయిల్ అవుతుంది. తప్పు నా ప్యాకేజీది కాదు, ఎమ్యులేటర్‌ది అంటున్నాను నేను. మల్లయ్య కూడా అప్పుడప్పుడూ 'అరపావు'ను 'పావు' చేస్తాడు కదా, అలాగ. ఆమె ఏమన్నదంటే: "తప్పు ఎక్కడుందో తేల్చి జూలై నెలాఖరులోగా చెప్పండి. సరిగా తేలిస్తే ఉద్యోగం మీదే." వాళ్ల దగ్గర బోర్డులు బోలెడు. ఆమె చూడాలనుకుంటున్నది నేను తేల్చగలనా లేదా అని.

తేల్చడానికి అసలు బోర్డు ఒక్కటి కావాలి. అదే టెస్టు అసలు బోర్డు మీద పాసైతే, తప్పు ఎమ్యులేటర్‌దేనని తేలిపోతుంది. మీ షాపుకు బోర్డు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నావు. వారం రోజులు నెట్ మీద లాగిన్ ఇవ్వు. ఇంకేం అడగను.

ఒరే, ఇంత సులువుగా నేను ఎవర్నీ ఏదీ అడగనని నీకు తెలుసు.

నీ
ప్రణయ్

*

తాండూరు,
జూలై 1

ప్రియమైన కోపధారి ప్రణయ్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మల్లయ్యకు చదివి వినిపించాను కూడా. "నేను పావు తప్పుజెప్పిన్నని అన్నడా? రానీ వాణ్ని, గంజ్‌ల కాలు వెట్టనియ్య!" అన్నాడు. జాగ్రత్త.

ఇక్కడ వానలు సరిగా పడటం లేదు. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల దుమ్ము షాపు గద్దె మీద తెల్లగా పేరుకుంటోంది. అమ్మ నీ గురించి అడిగింది. "ఆ సన్నపు పోరడు తింటున్నడా లేదా" అంటుంది. కందిపొడి డబ్బా కట్టి పెట్టింది, ఎవరైనా వికారాబాద్ వస్తే పంపుతాను.

బోర్డు సంగతి. వచ్చింది, నిజమే. షాపులో అలమారాలో ఉంది. లాగిన్ ఇస్తాను, నీకు కాకపోతే ఇంకెవరికి ఇస్తాను? రెండు రోజులు ఆగు, నేనే అన్నీ పెట్టి వివరాలు పంపుతాను. రెండు మాటలు మాత్రం మనసులో పెట్టుకో. ఒకటి, షాపుకు రాకు. ఈ నెల నాన్న మూడ్ బాగాలేదు, బోర్డు జోలికి ఎవరొచ్చినా కసురుతున్నాడు. రెండు, ఆపి మళ్లీ పెట్టమని, అటూ ఇటూ తిప్పి చూడమని నన్ను అడగకు. నువ్వు నెట్ మీదనే పని కానిచ్చెయ్.

కొంచెం నిదానంగా ఉంటుంది. చిన్న బోర్డు కదా.

నీకు ఆ ఉద్యోగం రావాలిరా. వస్తే కోఠిలో బిర్యానీ నీ వంతు.

ఎప్పటికీ నీ
మనీష్

*

వికారాబాద్,
జూలై 9

ప్రియమైన మనీష్‌కు,

నీ లాగిన్ వచ్చిన రోజు కడుపునొప్పి అని పరశురాం అన్నకు చెప్పి రూముకు వచ్చేశాను. నీకు నవ్వొస్తుందేమో, మొదటిసారి అసలు బోర్డుతో మాట్లాడుతున్నానని చేతులు కడుక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ మల్లయ్యతోనే బేరం, ఇప్పుడు రైతుతో నేరుగా.

నిదానం అన్నావు, మరీ ఇంత నిదానమనుకోలేదు. అయినా ఆగాను. ప్యాకేజీ కట్టడం అయింది. టెస్టులు నడిచాయి.

ఫెయిల్ అయిందిరా. అదే టెస్టు, అదే లైను దగ్గర.

మళ్లీ నడిపాను. మళ్లీ అదే. అంటే ఎమ్యులేటర్ చెప్పింది నిజం, అబద్ధం నాది. ఆర్నెల్లుగా నేను దాన్ని తిడుతున్నాను. ఆ ఎమ్యులేటర్ రాసేవాళ్ల దగ్గర ఫిర్యాదు పెట్టి, "మీ లెక్క తప్పు, సరిచేసుకోండి" అని నలుగురి ముందు దబాయించాను. నిన్న అక్కడికే వెళ్లి క్షమాపణ రాసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. నా చేతులతో. నేను!

ఆదివారం మా ఊరు పెద్దేముల్ పోయాను. మా నాయిన యూనిట్ నుంచి వచ్చి మొహం కడుక్కుంటున్నాడు. ఆయనకు రాయి పాలిష్ తప్ప ఏమీ తెలియదు, అయినా చెప్పాను. నా పెట్టె ఒకటి చెప్పింది, మనీష్ వాళ్ల పెట్టె కూడా అదే చెప్పింది, ఇన్నాళ్లూ నేనే అది తప్పని కొట్లాడాను అన్నాను.

"సేట్ల పెట్టె తప్పు జెప్తదారా?" అన్నాడు నాయిన. "మంచిగ పైసలు వెట్టి తెచ్చుకుంటరు. నీదే యాడనో తప్పువడి ఉంటది. ఒప్పుకో, పోతది."

అమ్మ మాత్రం, "వాడు తప్పు జేస్తడా? వాని నోరు తప్పు గని వాని పని తప్పు గాదు" అన్నది. అమ్మ కాబట్టి అన్నది.

ఒప్పుకుంటున్నాను. లెక్కలున్న భాగం మొత్తం తీసి వేరేగా రాస్తున్నాను. నీ బోర్డు మీద నడిపిన లాగ్, అంటే ఆ టెస్టుల రికార్డు, జతపరిచి, "తప్పు నాదే, ఎమ్యులేటర్‌ది కాదు" అని రేపు మేడంకు రాస్తాను. నిజాయితీగా చెబితే ఉద్యోగం రాకపోయినా పరువుంటుంది.

బోర్డు ఇచ్చినందుకు మాత్రం నీ రుణం ఉంచుకోను. నువ్వు లేకపోతే అబద్ధం మీదనే ఎగిరేవాణ్ని.

నీ
ప్రణయ్

*

తాండూరు,
జూలై 12

ప్రియమైన ప్రణయ్‌కు,

మేడంకు అప్పుడే ఏమీ రాయకు. తొందరపడకు. బోర్డులోనే ఏదైనా లోపం ఉండొచ్చు, కొత్తది కదా, ఒక్కోసారి మంచి ముక్క రాదు. నెలాఖరు దాకా టైముంది అన్నావు. ఈ నెల చివర్లో నేనే ఇంకోసారి నడిపి చూసి చెబుతాను. అప్పటిదాకా ఆగు. ఆ పాత వెర్షన్ పారేయకు.

ఇంకో మాట. ఆ ఉద్యోగం లేకపోతే లోకం మునగదు. నాన్నతో మాట్లాడతాను, మా షాపులోకే రా. నువ్వూ నేనూ కలిసి చేసుకుందాం.

రాయకముందే ఈ ఉత్తరం అందాలని కోరుకుంటూ,
నీ
మనీష్

*

వికారాబాద్,
జూలై 13

మనీష్‌కు,

పదో తారీకునే రాసేశాను. నా ఉత్తరం అందాక మూడు రోజులు నువ్వేం చేస్తున్నావు? కందులు లెక్కపెడుతున్నావా?

నెలాఖరు దాకా ఆగడమేమిటి? నెలాఖరుకు ఆ బోర్డు మారిపోతుందా? ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి ముహూర్తం చూడాలా?

షాపులోకి రమ్మంటున్నావు. వస్తే ఎక్కడ కూర్చోవాలి? గద్దె మీద నీ పక్కనా, బయట మల్లయ్య పక్కనా? అది కూడా మీ నాన్నతో మాట్లాడి రాయి.

వచ్చే ఆదివారం ఊళ్లో బోనాలు. అమ్మ రమ్మంది. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియదు, ఇప్పటికైతే వస్తానన్నాను.

ప్రణయ్

*

వికారాబాద్,
జూలై 21

మనీష్,

మేడం జవాబు వచ్చింది. ఆమె మాటలు ఆమెవే కింద దించుతున్నాను, నా నోరు కలపలేదు:

"మీ పాత వెర్షన్ మా అసలు బోర్డు మీద ఎప్పుడో నడిపాం. పాసైంది. తప్పు ఎమ్యులేటర్‌దని మీరు మొదట చెప్పిందే సరైనది. దాన్ని మీరు నిరూపిస్తారని ఎదురుచూశాం. కానీ మీరు అసలు బోర్డు మీద నడిపానని చెప్పి ఎమ్యులేటర్ మీద నడిపిన లాగ్ పంపారు. దాని మొదటి వరుసల్లోనే ఎమ్యులేటర్ గుర్తులున్నాయి. పని రాకపోతే మేము నేర్పిస్తాం. చేయనిది చేశానని చెప్పేవారితో పని చేయలేం. శుభాకాంక్షలు."

చదివావా? ఇంకోసారి చదువు. నేను ఎన్నిసార్లు చదివానో అడగకు.

తర్వాత నీ లాగిన్‌లోకి పోయాను. 'నువ్వెవరు' అని యంత్రాన్ని అడిగే ఆదేశం ఒకటుంది. ఒక్క లైను. ఏ కొత్త మెషీన్ దొరికినా మొదట కొట్టేది అదే. నీ బోర్డు మీద మాత్రం కొట్టలేదు. దోస్తు "ఇది బోర్డు" అన్నాక కాగితాలు చూపమంటామా? ఇవాళ కొట్టాను. అసలు బోర్డులో ఉండే సామాన్లు ఒక్కటీ లేవు. అన్నీ మల్లయ్య సామాన్లే.

నేను ఎమ్యులేటర్‌ను ఎమ్యులేటర్‌తో సరిచూసుకున్నాను. అబద్ధానికి అబద్ధం సాక్ష్యం చెప్పింది. సరిగా ఉన్న నా లెక్కలను నా చేతులతో పీకేశాను, ఎమ్యులేటర్ తప్పునే సత్యమనుకుని దానికి సరిపోయేలా కొత్తవి రాశాను. ఇప్పుడు నా ప్యాకేజీలో నిజంగానే తప్పుంది.

నిన్న బోనాల్లో అమ్మ నెత్తిన బోనం పెట్టుకుని పోతుంటే వెనక నడిచాను. "ఏందిరా అట్లున్నవ్, మనీష్ మంచిగున్నడా?" అని అడిగింది. మంచిగున్నాడన్నాను.

మీ అలమారాలో ఏముంది? ఒక్క మాటలో చెప్పు.

ప్రణయ్

*

తాండూరు,
జూలై 23

ప్రియమైన ప్రణయ్‌కు,

అలమారాలో బోర్డే ఉంది. ఒట్టు. సీలు తీయని పెట్టెలో.

ఆషాఢం వచ్చే ముందు రోజే పార్సిల్ దిగింది. నేను కత్తెర పట్టుకోగానే నాన్న చేతిలోంచి లాక్కున్నాడు. "కొత్త దందా సామాను ఆషాఢంల ఇప్పుతరారా? నెల ఆగితే ఏం, కుళ్లిపోతదా?" అన్నాడు. పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మీదేవి పటం కింద పెట్టాడు. అప్పటినుంచి అక్కడే. ఎల్లుండి శ్రావణ శుక్రవారం. పూజ చేసి విప్పుతారు.

ఇది నీకెలా చెప్పను? మా ఇంట్లో కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టినందుకు ఇంటర్‌లో నన్ను సంవత్సరమంతా 'నిమ్మకాయ సేటు' అని పిలిచావు. బోర్డు వచ్చిందని అందరికీ చెప్పుకున్నాక, పెట్టె విప్పడానికి ఇంట్లో పర్మిషన్ లేదని ఎలా రాయను? నీకేమో నెలాఖరు గడువు. అందుకని నా ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టి లాగిన్ ఇచ్చాను. కొత్త వెర్షన్ వేశానురా. నువ్వు చెప్పిన తప్పు అందులో సరిచేశారని ఎక్కడో చదివాను. టెస్టు పాసవుతుంది, నీ మాటే నిలబడుతుంది, నీకు ఉద్యోగం వస్తుంది అనుకున్నాను. నీ మేలు కోసమే. అది సరికాలేదని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తెలిశాక మూడు రోజులు రాసి కొట్టేస్తూ కూర్చున్నాను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పద్మారాణి మేడంకు నా పేరు చెప్పకు. నాన్న ఆ కంపెనీతోనే డీలర్‌షిప్ మాట్లాడుతున్నాడు. ఇక్కడి తూకం కాంటాలకూ మిల్లులకూ వాళ్ల బోర్డులు మేమే అమ్మాలని. ఎమ్యులేటర్‌ను బోర్డని చెప్పి ఇచ్చామని తెలిస్తే మాతో మాట్లాడుతుందా? అది కుదిరాక నేనే ఆమెకు నిదానంగా నచ్చజెబుతాను. నువ్వు షాపులోకి రా. నాన్న ఒప్పుకున్నాడు. గద్దె మీద నా పక్కనే కూర్చుందువు.

అమ్మ ఇంకా ఆ కందిపొడి డబ్బా ఎవరికీ ఇవ్వలేదు.

క్షమిస్తావని,
నీ
మనీష్

*

వికారాబాద్,
జూలై 24

ప్రియమైన మనీష్‌కు,

'ప్రియమైన' అని మళ్లీ రాశానని సంబరపడకు. ఈ ఉత్తరం పద్ధతిగా ఉండాలి, అందుకే రాశాను.

ఆషాఢం అన్నావు. మా అమ్మ బోనం ఎత్తేది ఆషాఢంలోనే. మాకు దేవతను పిలిచే నెల, మీకు అట్టపెట్టె విప్పరాని నెల. సరే, ఎవరి నమ్మకం వాళ్లది. పెట్టె విప్పలేదని రాసి ఉంటే రెండు రోజులు నవ్వేవాణ్ని, 'నిమ్మకాయ సేటు' అని మళ్లీ ఏడిపించేవాణ్ని. శుక్రవారం దాకా ఆగేవాణ్ని కూడా. ఎల్లుండి... కాదు, రేపే. మేడం ఇచ్చిన గడువు ఇంకా వారం ఉండేది. ఆగడం నాకు చేతకాదనుకున్నావా? ప్యాకేజీలు కట్టేవాణ్నిరా నేను. ఆగడం తప్ప ఇంకేం చేస్తాను?

నీ మీద కోపం ఉంది. దాచను. కానీ నిన్నటి నుంచి నన్ను తింటున్నది వేరే. నా లెక్క సరైనదని ఆర్నెల్లు నాకు తెలుసు. రాత్రీ పగలూ తెలుసు. నలుగురితో కొట్లాడాను. మీ షాపు నుంచి ఒక్క జవాబు వచ్చేసరికి అదంతా వదిలేసి తలొంచాను. "సేట్ల పెట్టె తప్పు జెప్తదారా" అన్నాడు మా నాయిన. ఆయన బతుకంతా సేట్ల యూనిట్లో రాయి పాలిష్ చేసినవాడు, ఆయన అంటే అర్థముంది. నేను ఆయన్ని కసరాల్సింది. కసరలేదు. నేనూ అదే అనుకున్నాను కాబట్టి. ఇన్నాళ్లూ సేట్ల మీద నేను వేసిన రంకెలన్నీ ఏమైపోయాయో తెలియదు. ఒక్క ఆదేశం కొట్టి 'నువ్వెవరు' అని అడగలేకపోయాను. దోస్తును అనుమానించకూడదని మొన్న రాశాను చూడు, అది సగమే నిజం. మిగతా సగం ఇదీ.

షాపులోకి రాను. గద్దె మీద కూడా రాను. మీ నాన్న ఒప్పుకున్నందుకు దండం పెట్టానని చెప్పు. అమ్మ చేతి కందిపొడి మాత్రం నువ్వు తినకు, అది నాది. మల్లయ్యకు ఇవ్వు. ఆయన మీద నేను వేసిన నిందకు అది జుర్మానా.

రేపు పూజయ్యాక పెట్టె విప్పుతారు కదా. నా పాత వెర్షన్ నీ దగ్గరే ఉంది. నడుపు. పాసవుతుంది. పాసైందని నాకు రాయకు. పెద్దేముల్ ఆటో ఎక్కి పోయి మా నాయినకు చెప్పు. పొద్దుగూకే వేళకు యూనిట్ నుంచి వస్తాడు, కుళాయి దగ్గర ఉంటాడు. ఆ మాట నా నోటితో ఆయన నమ్మడు. సేటు కొడుకు చెబితే నమ్ముతాడు. నాకు అదే మంట, అయినా పోయి చెప్పు.

ఎమ్యులేటర్ వాళ్ల దగ్గర వెనక్కి తీసుకున్న ఫిర్యాదును పొద్దున మళ్లీ పెట్టాను. పాత లెక్కలు ప్యాకేజీలోకి తిరిగి పెట్టేశాను. నీ లాగిన్ చెరిపేశాను.

డీలర్‌షిప్ కుదిరేదాకా నోరు మూసుకోమన్నావు. నీ మేలు కోసం నేను అబద్ధాలకోరుగా ఉండాలి, నిదానంగా. ఒకసారి ఈ ఉత్తరం పైన చిరునామాలు చూడు. నీ పేరు పక్కన ఇంకో పేరుంది. పద్మారాణి మేడం, మీకు నమస్కారం. కింద మేమిద్దరం రాసుకున్న ఉత్తరాలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్క అక్షరం తీయలేదు, నేను అరిచినవీ, తలొంచినవీ కూడా. ఉద్యోగం అడగడానికి పంపడం లేదు. మీరు పెట్టిన పరీక్షలో నేను తప్పాను, అది ఒప్పుకుంటున్నాను. తప్పు ఎక్కడుందో తేల్చమన్నారు, ఇంత ఆలస్యంగా తేల్చాను. చేయనిది మాత్రం చేశానని చెప్పలేదు.

మనీష్, నువ్వు ఇది చదివేసరికి ఆమెకూ అందే ఉంటుంది.

ప్రణయ్
నర్సింహులు కొడుకు, పెద్దేముల్